నాలుగో ఫ్రేమ్ గురించి

నాయనా,

మిప్స్ ప్రాసెసర్ మీద క్రాష్ అయ్యాక కాల్ స్టాక్‌ని, అంటే ఎవరు ఎవరిని పిలిచారన్న ఫంక్షన్ల వరసని, ఎలా తిరిగి కట్టాలో రాసిన నీ వ్యాసం అందింది. "మేడమ్ గారూ" అని మొదలుపెట్టావు. ఆ రెండూ కలిపి వాడితే నాకు ఒళ్లు మండుతుంది. కానీ పాతికేళ్లుగా అందరూ అలాగే పిలుస్తున్నారు కనుక వదిలేస్తున్నాను. వ్యాసం చదివించింది. మిప్స్ డిలే స్లాట్ గురించి, అంటే దూకమన్న ఇన్‌స్ట్రక్షన్ తర్వాత కూడా నడిచేసే ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ గురించి చెబుతూ "బస్సు కదిలాక కూడా ఒకడు పరుగెత్తి ఫుట్‌బోర్డు మీదికి ఎక్కేస్తాడు" అన్నావు చూడు, దాన్ని నేను ఎక్కడో ఒకచోట దొంగిలిస్తాను. పొగడ్త ఇంతే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఒక ఫైలు అనుకుని రెండు జతచేశావు. రెండోది పాత డ్రాఫ్టు. అందులో నాలుగో ఫ్రేమ్ (ఆ వరసలో ఒక్కో పిలుపుకీ ఒక్కో అంతస్తు) దగ్గర "ఇక్కడ నాకెందుకో తేడాగా ఉంది" అని ఒక్క ముక్క రాశావు. కొత్తదాంట్లో అది లేదు. దాని బదులు "ఈ విధంగా కాల్ స్టాక్ సంపూర్ణంగా పునర్నిర్మించబడింది" అని ఉంది.

పునర్నిర్మించబడింది! ఎవరిచేత? ఆ "బడింది" మన తెలుగులోకి ఎలా చొరబడిందోగానీ, పని చేసినవాడి పేరు దాచడానికి అంతకంటే మంచి గొంగళి లేదు. నువ్వు రాసిన స్క్రిప్టు నిర్మించింది, నువ్వు ఒప్పుకున్నావు. తేడాగా ఉందని నీకు అనిపించింది, దాన్ని చెరిపేశావు. చెరిపేసినందుకే ఈ ఉత్తరం.

ఆదివారం పొద్దున నీ డంపూ (క్రాష్ అప్పటి మెమరీ నకలు), డిసాసెంబ్లీ (ఇన్‌స్ట్రక్షన్లుగా విప్పిన కోడ్) రెండూ ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో కూర్చున్నాను. నీ ఏడు ఫ్రేముల్లో మొదటి మూడూ సరైనవి. నాలుగోది అబద్ధం. పైన ఉన్న మూడూ ఆ అబద్ధం మీద లేపిన అంతస్తులు.

నాకు అనుమానం ఎక్కడ తగిలిందో చెబుతాను. నాలుగో ఫ్రేమ్‌లో ఫంక్షన్ పేరు పక్కన "ప్లస్ 0" అని ఉంది. తిరిగి రావాల్సిన చిరునామా ఒక ఫంక్షన్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ మీదే ఎలా పడుతుంది? మిప్స్‌లో జల్ (ఫంక్షన్‌ని పిలిచే ఇన్‌స్ట్రక్షన్) చేస్తే ఆర్‌ఏలో (తిరుగుదారి చిరునామా ఉండే రిజిస్టర్‌లో) పడేది జల్ చిరునామాకి 8 కలిపినది. జల్‌కి 4 బైట్లు, డిలే స్లాట్‌లోని నీ ఫుట్‌బోర్డు మనిషికి 4. అంటే ఫంక్షన్ లోపల కనీసం రెండు ఇన్‌స్ట్రక్షన్లు గడిచాకే తిరుగుదారి చిరునామా పుడుతుంది. ప్లస్ 0 కనిపించిందంటే రెండే కారణాలు. కోడ్‌లో దానికి ముందున్న ఫంక్షన్ చివర అబార్ట్ లాంటి, తిరిగిరాని దాన్ని పిలిచి ఉండాలి. అప్పుడు కంపైలర్ తర్వాత ఏమీ రాయదు, చిరునామా పక్కింటి గుమ్మంలో పడుతుంది. లేదా అది తిరుగుదారి చిరునామాయే కాదు, ఎవరో స్టాక్‌లో పెట్టుకున్న ఫంక్షన్ పాయింటర్. ఆ చిరునామాకి 8 వెనక్కి వెళ్లి చూశాను. జల్ లేదు, రిజిస్టర్‌లోని చిరునామాకి పిలిచే జాల్ఆర్ లేదు. ఉన్నది ఒక లోడ్. కాబట్టి రెండోదే. టైమర్ కాల్‌బ్యాక్, టైమర్ మోగితే పిలవమని ఇచ్చిన ఫంక్షన్.

అది నీ చేతికి ఎలా దొరికింది? మూడో ఫంక్షన్ మొదలు చూడు. లోపల 40 కేబీల లోకల్ బఫర్ ఉంది. ఎస్‌పీని (స్టాక్ చివర ఎక్కడుందో చెప్పే రిజిస్టర్‌ని) దించే ఇన్‌స్ట్రక్షన్‌లో అంకెకి 16 బిట్లే చోటు. గుర్తుతో కలిపి 32,768 దాటి ఒక్క దెబ్బలో దిగలేదు. అందుకని కంపైలర్ ముందు కొంత దిగింది, ఆర్‌ఏని దాచింది, మిగతా అంకెని ఇంకో రిజిస్టర్‌లోకి తెచ్చుకుని దాన్ని ఎస్‌పీ నుంచి తీసేసింది. రెండు మెట్లు. నీ స్క్రిప్టు మొదటి మెట్టు చూసి ఆగిపోయింది. దాంతో ఆర్‌ఏ దాచిన చోటు అనుకుని బఫర్ మధ్యలో చెయ్యి పెట్టావు. అక్కడ కాల్‌బ్యాక్ చిరునామా ఉంది. టెక్స్ట్ సెక్షన్ (ప్రోగ్రామ్ కోడ్ ఉండే చోటు) హద్దుల్లో ఉంది కదా అని స్క్రిప్టు సరే అంది. ఆ తర్వాత లెక్క కుదరకపోతే "పైన కనిపించిన మొదటి టెక్స్ట్ చిరునామా తీసుకో" అని రాసుకున్నావు. ఐదూ ఆరూ అలా వచ్చాయి. ఏడోది థ్రెడ్ మొదలైన చోటు. అది నిజమే, కానీ మురిసిపోకు. స్టాక్‌లో పైకి ఎలా పాకినా చివరికి అది తగులుతుంది.

నీకు తేడాగా అనిపించింది అందుకే. నీ కన్ను మంచిదే, చెయ్యి పిరికిది.

ఎక్స్86 (మామూలు పీసీల ప్రాసెసర్) వాళ్లకి ఈ బాధ తక్కువ. అక్కడ ఫ్రేమ్ పాయింటర్ ఉంచితే ప్రతి ఫ్రేమూ తన పైవాడి చిరునామా చేత పట్టుకుని ఉంటుంది, గొలుసు పట్టుకుని పోవడమే. ఒక రిజిస్టర్ మిగులుతుందని ఆ గొలుసునీ తెంపారు. 2011లో వచ్చిన జీసీసీ కంపైలర్ 4.6, 32-బిట్ లినక్స్‌లో దాన్ని డిఫాల్ట్‌గా తీసేసింది. మళ్లీ లినక్స్ పంపిణీల్లో 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 ఫ్రేమ్ పాయింటర్లని వెనక్కి తెచ్చుకున్నాయి. అది చదివిన రోజు నేను ఇంట్లో పాయసం చేశాను. మావారికి కారణం అర్థం కాలేదు.

మిప్స్‌లో మొదటినుంచీ గొలుసు అలవాటు లేదు. పిలిచినవాడి చిరునామా 31వ రిజిస్టర్‌లో పడుతుంది, దాన్ని స్టాక్‌లో దాచాలా వద్దా అన్నది పిలిపించుకున్న ఫంక్షన్ ఇష్టం. ఎవరినీ పిలవని ఫంక్షన్ అయితే అసలు దాచదు. అందుకని క్రాష్ అయిన చోటు నుంచి కోడ్‌నే వెనక్కి చదువుకుంటూ వెళ్లాలి. హెక్సాలో 27బీడీ అంటే ఎస్‌పీ కదులుతోంది, ఏఎఫ్‌బీఎఫ్ అంటే ఆర్‌ఏని దాస్తోంది, 03ఈ00008 అంటే ఫంక్షన్ వెనక్కి వెళుతోంది.

మా సెట్‌టాప్ బాక్సుల రోజుల్లో ఇవన్నీ నోటికి వచ్చేవి. సైట్‌లో ఉన్న బాక్సులో ఏ బిల్డ్ ఎక్కించారో ఎవరూ రాసిపెట్టలేదు. కుర్రాడు అక్కణ్ణుంచి సీరియల్ కేబుల్ పెట్టి, ఊప్స్‌లో (కెర్నల్ క్రాష్ సందేశంలో) పడిన కోడ్ అంకెలు ఫోన్లో చదివేవాడు. "ఇరవై ఏడు బీడీ, ఎఫ్ ఎఫ్ ఈ సున్నా." నేను గట్టిగా తిరిగి చదివి రాసుకునేదాన్ని. నాలుగు రోజులు విన్నాక పక్క సీటు అకౌంట్స్ ఆయన వచ్చి "అమ్మా, ఆ బీడీలు కాల్చే ఆయనకి ఎవరైనా చెప్పకూడదూ" అన్నాడు. ఎఫ్ఎఫ్ఈ0 అంటే మైనస్ 32, కిందికి దిగడం. అదే 27బీడీ తర్వాత 0020 ఉంటే ప్లస్ 32, ఫంక్షన్ ముగిసి ఎస్‌పీ పైకి రావడం. మధ్యలో తొందరగా రిటర్న్ అయ్యే ఫంక్షన్‌లో రెండోది ముందు తగులుతుంది. గుర్తు చూడకుండా 27బీడీ అనగానే పట్టేసుకుంటే అంతే సంగతులు. నీ స్క్రిప్టు గుర్తు చూస్తోంది, అది గమనించాను.

ఇంకోటి చెప్పాలి. ఇది నేను ఎక్కడా రాయలేదు.

ఒక జనవరిలో ఫీల్డ్‌లో బాక్సులు పడిపోతున్నాయి. రెండు మూడు రోజులకి ఒకసారి. నాకు ఒక స్టాక్ డంపు దొరికింది. ప్రోలాగ్‌లు (ఫంక్షన్ మొదట్లో ఎస్‌పీని దించి ఆర్‌ఏని దాచే ఇన్‌స్ట్రక్షన్లు) చదివే ఓపిక లేక, టెక్స్ట్ చిరునామాలా కనిపించిన ప్రతి వర్డునీ పేర్లలోకి మార్చి వరసగా పేర్చాను. నడిమధ్యలో ఆడియో డీకోడర్ ఫంక్షన్ కనిపించింది. ఆర్‌ఏ మైనస్ 8లో జల్ కూడా ఉంది. ఇంకేం, టీమ్ మొత్తానికి మెయిలు కొట్టాను, "ఆడియో మాడ్యూల్ నుంచి వచ్చింది" అని. ఆ మాడ్యూల్ చూసే అబ్బాయి రెండేళ్ల అనుభవం ఉన్నవాడు. సంక్రాంతికి రాజమండ్రి బస్సు టికెట్టు తీసుకుని ఉన్నాడు. క్యాన్సిల్ చేసుకున్నాడు. పండగ మూడు రోజులూ ఆఫీసులో కూర్చుని లేని తప్పుని వెతికాడు.

ఆ చిరునామా దయ్యం. ఆడియో ఫంక్షన్ ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన ఫంక్షన్ పెద్ద బఫర్ తీసుకుని అందులో కొంతే రాసింది. రాయని చోట పాత చిరునామా అలాగే ఉండిపోయింది. స్టాక్‌ని ఎవరూ ఊడ్చరు కదా. జల్ ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ పిలుపు జరిగిందన్న మాట, ఇప్పుడు జరుగుతోందని కాదు. అసలు తప్పు మా మాడ్యూల్‌దే. ఒక స్ట్రింగ్ కాపీ హద్దు దాటింది. ఆ అబ్బాయికి విడిగా సారీ మెయిలు పెట్టాను. మొదటి మెయిలు ఎంతమందికి వెళ్లిందో వాళ్లందరికీ పెట్టలేదు. ఇప్పటికీ పెట్టలేదు.

అప్పటినుంచి నాకు ఒక్కటే పిచ్చి. ఫ్రేమ్ పక్కన అది ఎలా తెలిసిందో రాయాలి. ప్రతిదానికీ. "ఈపీసీ (తప్పు జరిగిన చోటు చిరునామా ఉండే రిజిస్టర్) నుంచి, అనుమానం లేదు." "ప్రోలాగ్ లెక్క కుదిరింది, మైనస్ 8లో జల్ ఉంది, ఆ జల్ వెళ్లేది కింది ఫ్రేమ్ ఫంక్షన్‌కే." ఇంతకంటే గట్టి సాక్ష్యం మిప్స్‌లో దొరకదు. జల్ తన గమ్యాన్ని తనలోనే మోస్తుంది కనుక సరిచూసుకోవచ్చు. 0320ఎఫ్809 కనిపిస్తే అది టీ9 రిజిస్టర్ లోంచి వెళ్లిన జాల్ఆర్, గమ్యం తెలియదు, అదీ రాయి. జల్ గమ్యం కింది ఫంక్షన్‌తో కలవకపోతే వెంటనే అబద్ధం అనుకోకు. మధ్యవాడు టెయిల్ కాల్ చేసి, అంటే చివర్లో కొత్త తిరుగుదారి పెట్టకుండా ఇంకో ఫంక్షన్‌లోకి దూకి, పక్కకి తప్పుకుని ఉండొచ్చు. "టెయిల్ కాల్ కావచ్చు" అని రాయి. లెక్క ఏదీ కుదరకుండా స్కాన్‌లో దొరికిందా, "ఊహ" అని రాయి. ఈపీసీ దగ్గర కూడా కాజ్ రిజిస్టర్ (తప్పుకి కారణం చెప్పేది) పై బిట్ చూశానని రాయి. అది 1 అయితే తప్పు జరిగింది ఈపీసీ చూపించే బ్రాంచిలో కాదు, దాని డిలే స్లాట్‌లో. నీ వ్యాసంలో అది లేదు, చేర్చు.

జీడీబీ డీబగ్గర్‌ని చూడు. లెక్క తప్పిందని తెలిశాక "ముందు ఫ్రేమూ ఇదీ ఒకటే" అని ఆగిపోయి, బ్రాకెట్లో "స్టాక్ పాడైందా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నార్థకం ఎవరు పెట్టారోగానీ, వాళ్ల చేతికి ఒక దణ్ణం. ఒక ప్రోగ్రామ్‌కి ఉన్న మర్యాద నీ కొత్త డ్రాఫ్టుకి లేకపోయింది.

ఇలా రాస్తే ఎవరు వేస్తారు అని అడుగుతావు. నిజమే. నేను ఒక పత్రికలో శీర్షిక రాసే రోజుల్లో ఎడిటర్ గారు డంపు మొత్తం తీసేశారు. "పాఠకులు పారిపోతారమ్మా" అన్నారు. ఆ చోట కళ్లజోడు పెట్టుకున్న పేడపురుగు బొమ్మ వేశారు. ఇంకొకాయన రిటర్న్ అడ్రస్‌ని "ప్రత్యాగమన సంకేతస్థానం" చేశారు. నా వ్యాసం నాకే అర్థం కాలేదు. "కావచ్చు", "బహుశా" అన్న మాటలు కనిపిస్తే కొట్టేసే ఎడిటర్లు ఇద్దరు తెలుసు నాకు, రచయితకి ధీమా ఉండాలట. ఇప్పుడేమో ఐదు నిమిషాల్లో డీబగ్గింగ్ నేర్పేవాళ్లు వచ్చారు. డంపు అతికిస్తే క్షణంలో కథ అల్లిచ్చే యంత్రాలూ వచ్చాయి. వాటికి నాలుగో ఫ్రేమ్ దగ్గర తేడాగా అనిపించదు. నీకు అనిపించింది. దాన్ని ఎవరి భయంతోనో కొట్టేశావంటేనే నాకు కోపం.

మిప్స్ పాతబడింది కదా, రాయడం దండగా అని అడిగావు. ఆ కంపెనీయే 2021లో రిస్క్-ఫైవ్ అనే ఇంకో ప్రాసెసర్ డిజైన్ వైపు వెళుతున్నానంది. వెళ్లనీ. రిస్క్-ఫైవ్‌లో డిలే స్లాట్ లేదు, నీ బస్సు పోలిక పోతుంది. ఆర్‌ఏ మాత్రం అలాగే రిజిస్టర్‌లో పడుతుంది, ఫంక్షన్ అలాగే దాచుకుంటుంది, కంప్రెస్డ్ (2 బైట్ల) ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి కనుక వెనక్కి 4 చూడాలా 2 చూడాలా అన్న కొత్త తలనొప్పి కలుస్తుంది. నీ మిగతా రెండు ప్రశ్నలకి ఇప్పుడు ఓపిక లేదు.

మూడో ఫంక్షన్ రెండు మెట్లూ కలిపి లెక్కేస్తే ఆర్‌ఏ అసలు ఎక్కడ ఉందో తేలింది. మైనస్ 8లో జల్ ఉంది, గమ్యం కూడా కలిసింది. పేరు చెప్పను, నువ్వే తియ్యి. నా పెన్సిల్ గీతలున్న కాగితాలు స్కాన్ చేసి పంపుతున్నాను, రెండో పేజీ మీద కాఫీ మరక పడింది, అక్కడి వర్డు నీ డంపులోంచి చూసుకో.

ఒక్కటి మాత్రం నాకు రాయి. ఆ పాత డ్రాఫ్టు పొరపాటున జతచేశావా, కావాలనే చేశావా?

ఆశీస్సులతో,
మీ మేడమ్ గారు