జాబితాలో లేని నది

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సముద్రంలో పట్టిన సాల్మన్ చేపలు ఏ నదివో జన్యువులతో తేల్చడానికి 96 మార్కర్లు (డీఎన్ఏలో పోల్చి చూసే గుర్తులు) చాలుతాయా, 500 పెట్టాలా అని రెండు పేజీలు రాశావు. పోల్చడానికి ఏ నదుల చేపలు దగ్గర పెట్టుకున్నావో మాత్రం ఒక్క వాక్యమైనా లేదు. నేనైతే ఆ రెండు పేజీలూ దాని గురించే రాసేదాన్ని.

సముద్రంలో వలకు పడిన సాల్మన్ చేప ఏ నదిలో పుట్టిందో పైకి చూస్తే సాధారణంగా తెలియదు. అయితే గుడ్లు పెట్టడానికి అవి చాలావరకు పుట్టిన నదికే తిరిగి వెళ్తాయి కనుక, తరాలు గడిచేకొద్దీ ఒక్కో నదిలో జన్యు రూపాల నిష్పత్తులు వేరవుతూ వస్తాయి. మనం పట్టుకునేది ఆ నిష్పత్తుల తేడాను. ఒక నదిలో తప్ప మరెక్కడా కనిపించని గుర్తు చాలా అరుదు. అందుకే ముందుగా చేపలు గుడ్లు పెట్టే చోట్లకే వెళ్లి నమూనాలు తెచ్చి, నదుల వారీగా బేస్‌లైన్ పట్టిక కట్టుకోవాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్ వలలోని చేపలను ఆ పట్టికతోనే పోలుస్తుంది. పట్టికలో లేని నది చేప వచ్చినా మామూలుగా అది ‘తెలియదు’ అనదు. ఉన్నవాటిలో కాస్త దగ్గరగా కనిపించిన నది ఖాతాలో వేసేస్తుంది. ఒక్కోసారి సంభావ్యత 99 శాతమని కూడా చూపిస్తుంది! ఆ అంకెకు అర్థం, నువ్వు ఇచ్చిన నదుల్లో మిగతావాటికంటే ఇది నయం అని మాత్రమే. కాబట్టి ఆ చేప జన్యువులు ఆ నదికి అసలు ఎంతవరకు సరిపోతున్నాయో విడిగా చూడు. ఏ నదికీ సరిగ్గా అతకని చేపలు గుంపుగా కనిపిస్తే నీ పట్టికలో ఏదో నది లేదన్నమాట.

నా మొదటి పట్టిక మరో రకంగా పాడైంది. ఒక వాగులో పిల్ల చేపలు సులువుగా దొరుకుతున్నాయని ఒకే మడుగులో 50 పట్టుకొచ్చాను. తీరా చూస్తే వాటిలో చాలావరకు తోబుట్టువులే. వాగు మొత్తానివి అనుకున్న నిష్పత్తులు నిజానికి రెండు కాపురాలవి. ఆ ఏడాది పని మొత్తం మళ్లీ చేశాను. నువ్వు వీలైనంతవరకు గుడ్లు పెట్టడానికి వచ్చిన పెద్ద చేపలనే తీసుకో. పిల్లలు తప్ప గతి లేకపోతే దూరదూరంగా చాలా చోట్ల, ఒకటికి మించిన సంవత్సరాల్లో పట్టు. అలాగని తోబుట్టువులు కనబడగానే అన్నిటినీ తీసిపారేయకు. చిన్న వాగులో తోబుట్టువులు ఎక్కువగా ఉండటం సహజమే, వాటిని పూర్తిగా ఏరేసినా లెక్క తప్పుతుంది.

ఇక మార్కర్లు. మైక్రోశాటిలైట్ల (డీఎన్ఏలో ఒక పొట్టి ముక్క పదేపదే వచ్చే చోట్లు, వాటి పొడవు కొలవాలి) కాలంలో ఒకే చేపకు రెండు ప్రయోగశాలలు రెండు కొలతలు ఇచ్చేవి. షినూక్ సాల్మన్ మీద పనిచేసేవారు 13 మైక్రోశాటిలైట్లను ఎంచుకుని, అందరి కొలతలూ ఒక్కటయ్యేలా చూసుకోవడానికే ఎంతో శ్రమ పడ్డారు. స్నిప్‌లతో ఆ తగవు చాలావరకు లేదు. అవి డీఎన్ఏలో ఒక్క అక్షరం మారే చోట్లు కనుక, ఫలానా చోట ఉన్నది ఏ అక్షరమో చూస్తే చాలు. అయితే వేల స్నిప్‌లలో నదులను బాగా విడదీసేవాటిని ఏ చేపల ఆధారంగా ఎంచావో, వాటి పనితనాన్ని అవే చేపల మీద పరీక్షించకు. ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది, వలలోని చేపల దగ్గరికి వచ్చేసరికి తేలిపోతుంది. సగం చేపలను ముందే పక్కన పెట్టుకో.

కొన్నిచోట్ల ఒక్క మార్కరే చాలా పని చేస్తుంది. నార్వేలోని లోఫోటెన్ దగ్గర వలస వచ్చే ఈశాన్య ఆర్కిటిక్ కాడ్, తీరప్రాంత కాడ్ అనే రెండు రకాల కాడ్ చేపలు కలిసి తిరుగుతాయి. పాన్-1 అనే జన్యువులో ఒక రూపం వలస కాడ్‌లో, రెండోది తీర కాడ్‌లో ఎక్కువ. ఆ జన్యువు క్రోమోజోమ్‌లో తలకిందులైన ముక్క మీద ఉండటంతో రెండు రూపాలూ అంతగా కలగలిసిపోలేదు. అయినా తీర కాడ్‌లోనే ఇది ఏ ఫియర్డ్‌దో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఏ సముద్రపు పాయదో) చెప్పమంటే అదొక్కటీ సరిపోదు.

ఒక్కో చేపకూ ఒక్కో నది పేరు అంటించి, తర్వాత వాటిని లెక్కపెట్టడం చాలామంది చేసే పొరపాటు. దగ్గరి బంధువులైన నదుల మధ్య తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, నిష్పత్తులు పక్కకు జరుగుతాయి. వలలో పడిన చేపల మిశ్రమం మొత్తాన్ని కలిపి, ఏ నదివి ఎంత శాతమో అంచనా వేయించు. అప్పటికీ విడిపోని నదులను ఒకే సమూహంగా చూపించు, అందులో చిన్నతనమేమీ లేదు. మార్కర్లు ఎంత గొప్పవైనా చేపల సంఖ్య తన మాట తాను చెబుతుంది: 200 చేపల్లో సగం ఒక సమూహానివైతే అంచనాలో 7 శాతం అటూ ఇటూ తప్పదు. నూటికి ఒకటి చొప్పున ఉన్న సమూహం నుంచైతే, 100 సార్లు ఇలా 200 చేపలు పడితే దాదాపు 13 సార్లు ఒక్క చేపా దొరకదు. ‘సున్నా’ అని రాసేముందు ఇది గుర్తు తెచ్చుకో.

డీఎన్ఏ నమూనాకు రెక్క ముక్క చిన్నదిగా కత్తిరించు, సీసాలో ఇథనాల్ దానికి పలు రెట్లు ఉండాలి. చేపకూ చేపకూ మధ్య కత్తెర తుడువు. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయి, సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది.

ఏ నదులు, ఒక్కోచోట ఎన్ని చేపలు, ఏ సంవత్సరంలో పట్టినవి, పెద్దవా పిల్లలా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. 96 సంగతి అది చూశాక చెబుతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య