ట్రైలర్ తగిలించగానే పికప్ వెనుక కుంగిపోతోంది, ఎయిర్ బ్యాగులు వేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ: ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది, ఆరు వేల పౌండ్లు దాటిన క్యాంపర్ ట్రైలర్ కొన్నారు. తగిలించగానే వెనుక భాగం దిగిపోయి ముందు భాగం పైకి లేస్తోంది, రాత్రిపూట ఎదురుగా వచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారు. సస్పెన్షన్‌కి ఎయిర్ బ్యాగులు (గాలి కొట్టే రబ్బరు తిత్తులు) వేయిస్తే ఇది పోతుందా, ఇంకాస్త బరువు కూడా వేసుకోవచ్చా అని అడిగారు. మొదటిదానికి నా జవాబు, కొంతవరకు పోతుంది. రెండోదానికి, అస్సలు వేసుకోకూడదు.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మాది 2018 ఎఫ్-150, లాగేది ఇంచుమించు మీ అంత బరువున్న ట్రైలరే. బ్యాగులు వేయించి కొన్నేళ్లయింది, తీయించే ఉద్దేశం కూడా లేదు. అయినా మీకు గట్టిగా చెప్పేది ఒకటే: ముందు బరువు లెక్క, తర్వాత హిచ్ (ట్రైలర్‌ను ట్రక్‌కి తగిలించే కొక్కెం), ఆఖర్న బ్యాగులు. ఈ వరస తారుమారైతే బండి చూడ్డానికి మట్టంగా కనిపిస్తుంది గానీ లోపలి ప్రమాదం అలాగే ఉండిపోతుంది.

ఎఫ్-150కి వెనుక ఉండేవి లీఫ్ స్ప్రింగులు, మన లారీలకు వేసే కమాన్ కట్టలే. బరువు పడితే అవి చదునవుతాయి. ఫ్రేముకీ యాక్సిల్‌కీ మధ్య, చెరో పక్క ఒక రబ్బరు తిత్తి బిగించి గాలి కొడితే వెనుక భాగం లేస్తుంది, స్ప్రింగుకి కాస్త ఊపిరి అందుతుంది. కానీ బరువు ఎక్కడికీ పోదు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, ఫ్రేము అన్నీ ఇదివరకటి బరువునే మోస్తుంటాయి. కిట్ డబ్బా మీద 5,000 పౌండ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఆ బ్యాగుల జత ఎత్తగల బరువు, మీ ట్రక్ మోయగల బరువు కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని లోడు పెంచేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. బ్యాగులు తయారుచేసే కంపెనీలే తమ మాన్యువల్‌లో, ట్రక్ కంపెనీ పెట్టిన పరిమితి దాటవద్దని రాస్తాయి.

ఆ పరిమితి ఎంతో డ్రైవర్ తలుపు తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదు అని పౌండ్లలో రాసి ఉంటుంది. ఒకే మోడల్లో కూడా ఒక్కో బండికి ఒక్కో అంకె. ఆన్‌లైన్‌లో కనిపించేది కాదు, మీ తలుపు మీదిదే చూసుకోవాలి. 1,600 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్ 6,200 అయితే అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. 13 శాతం లెక్కన 800 పౌండ్లు. హిచ్ ఇనుము ఇంకో 90. మీరూ, మీ ఆవిడా, ఇద్దరు పిల్లలూ కలిసి 500. అప్పటికే 1,390. ట్రక్ బెడ్‌లో జనరేటర్, ఐస్ పెట్టె, కట్టెలు, నీళ్ల క్యాన్లు వేస్తే 1,600 ఎక్కడికక్కడ సరి. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి వెనుక సీట్లో కూర్చుంటే దాటిపోయినట్టే. అలాంటప్పుడు మేం రెండో కారు కూడా తీస్తాం. బ్యాగుల్లో ఎంత గాలి కొట్టినా ఈ లెక్క మారదు.

ఇక అసలు విషయం ముందు చక్రాలది. మీరు వెనుక ఎంత దిగిందని చూస్తున్నారు, ముందు ఎంత లేచిందో కొలిచారా? హిచ్ బంతి వెనుక యాక్సిల్‌కి ఇంకా వెనక్కి ఉంటుంది. అక్కడ 800 పౌండ్లు కూర్చోగానే ట్రక్ తూగుడు బల్లలా ముందు వైపు లేస్తుంది, ముందు యాక్సిల్ మీది బరువు సుమారు 300 పౌండ్ల దాకా తగ్గిపోతుంది. స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపించేది అందుకే. ఐ-35 హైవే మీద పక్కగాలి కొడుతున్నప్పుడు, పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు అది బాగా తెలుస్తుంది. ఎయిర్ బ్యాగు వెనుక భాగాన్ని లేపుతుందే తప్ప ఆ 300 పౌండ్లను ముందుకు తిరిగి తీసుకురాదు. తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దాని స్ప్రింగు బార్లు కొంత బరువును ముందు యాక్సిల్‌కీ, కొంత ట్రైలర్ యాక్సిళ్లకీ నెడతాయి. మా ట్రక్ రిసీవర్ (వెనుక హిచ్‌ను దూర్చే ఇనుప గొట్టం) మీదే స్టిక్కర్ ఉంది, ఈ హిచ్ లేకుండా 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ (హిచ్ మీద పడే బరువు) వరకే అని. మీ రిసీవర్ కింద కూడా ఒకసారి వంగి చూడండి.

సెట్ చేసేటప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. బ్యాగుల్లో కనీస గాలి మాత్రమే ఉంచి, ట్రైలర్ లేకుండా ముందు చక్రం పైన ఫెండర్ (చక్రం మీది రేకు) ఎత్తు టేపుతో కొలుస్తాను. బార్లు వేయకుండా ట్రైలర్‌ను హిచ్ మీదికి దింపి మళ్లీ కొలత. బార్లు బిగించి ఇంకోసారి. ముందు భాగం ఎంతవరకు కిందికి తిరిగి రావాలన్నది ట్రక్ మాన్యువల్‌లో ఉంటుంది. అది కుదిరాకే వెనుక మిగిలిన కాస్త కుంగుదలకు గాలి పెంచుతాను. ముందే బ్యాగులు నిండా కొట్టేస్తే వెనుక దిగడమే ఉండదు కాబట్టి బార్లు సరిగ్గా బిగిశాయో లేదో కంటికి తెలియదు. హిచ్ కంపెనీ మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించండి. తర్వాత ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (బండ్లను తూచే కాటా) మీదికి ఎక్కించండి. ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్, ట్రైలర్, మూడూ విడివిడిగా కాగితం మీద వస్తాయి. ఖర్చు చాలా తక్కువ, వచ్చే ధైర్యం చాలా ఎక్కువ.

ఇవన్నీ అయ్యాక కూడా వెనుక ఇంకాస్త కుంగి ఉంటే బ్యాగులు మంచివే, సందేహం లేదు. ఎయిర్ లిఫ్ట్, ఫైర్‌స్టోన్ రెండూ పేరున్న కంపెనీలే. నాది లోపల బంప్ స్టాప్ (దెబ్బ తట్టుకునే రబ్బరు దిమ్మ) ఉన్న రకం, మీకూ అదే సలహా ఇస్తాను. కారణం ఏమిటంటే కిట్ బిగించేటప్పుడు ఫ్రేము కింద కంపెనీ ఇచ్చిన బంప్ స్టాప్ తీసేస్తారు. గాలి దిగిపోయిన రోజు రబ్బరు నలగకుండా కాపాడేది ఆ లోపలిదే. ఒకమాట, ర్యామ్ 1500 వంటి వాటికి వెనుక కాయిల్ స్ప్రింగులు ఉంటాయి, వాటి కిట్ వేరు.

బిగించడం పనిముట్లు అలవాటున్నవాళ్లకి ఒక పూట పని. గాలి గొట్టాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా, వాలు లేకుండా కోయాలి. కత్తెరతో నలిపితే ఫిట్టింగు దగ్గర లీకవుతుంది. దాన్ని సైలెన్సర్ గొట్టానికి దూరంగా పోనివ్వాలి, కిట్‌లో ఇచ్చిన హీట్ షీల్డ్ తప్పనిసరిగా వేయాలి. సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. కుడికీ ఎడమకీ వేర్వేరు వాల్వులు పెట్టమనండి. రెండూ కలిపి ఒకే వాల్వు పెడితే మలుపులో ఒక పక్క బ్యాగు నలిగి గాలి రెండో పక్కకి పోతుంది, బండి ఇంకా వాలుతుంది.

వాడకంలో గుర్తుంచుకోవాల్సింది, ఈ రకం బ్యాగుల్లో గాలి ఒత్తిడి ఖాళీ ట్రక్‌లో కూడా 5 పీఎస్ఐ కంటే తగ్గనివ్వకూడదు. 100 దాటకూడదు. చలికాలంలో ఒత్తిడి తానే పడిపోతుంది, బయలుదేరే ముందు గేజ్ పెట్టి చూడాలి. ఫ్రేముకి జాకీ వేసి ఎత్తితే యాక్సిల్ వేలాడి బ్యాగు సాగిపోతుంది. టైరు మార్చేవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. ట్రైలర్ విప్పగానే గాలి తగ్గించండి, లేకపోతే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది.

ఇంకో హెచ్చరిక. స్ప్రింగు రెండు చివర్లా మోసే బరువును బ్యాగు ఫ్రేము మీద ఒకేచోట తోస్తుంది. ఆస్ట్రేలియాలో డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లున్న) పికప్‌లకు వెనుక బరువైన ట్రైలర్ కట్టి, బ్యాగులు నిండా కొట్టి, గతుకుల మట్టిరోడ్ల మీద తోలితే క్యాబిన్ వెనుక చాసిస్ వంగిపోయిన ఘటనలు అందరికీ తెలిసినవే. అక్కడున్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ విషయం తేలిగ్గా తీసుకోకండి.

బ్రేకుల సంగతి కూడా అంతే. అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్‌లోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. అక్కడ ఆదుకునేవి ట్రైలర్ బ్రేకులు, వాటిని ట్రక్ నుంచి నడిపే బ్రేక్ కంట్రోలర్, తక్కువ గేరు. బ్యాగులకి అక్కడ పనేమీ లేదు.

ఏడాదికోసారి ఇల్లు మారే సామాను వేయడానికైతే బ్యాగుల మీద మూడు నాలుగు వందల డాలర్లు పెట్టకండి, ట్రక్ అద్దెకు తీసుకోండి. మీ తలుపు స్టిక్కర్ మీది అంకె, రిసీవర్ స్టిక్కర్ మీద రాసింది, క్యాట్ స్కేల్ చీటీలోని మూడు తూకాలు ఇక్కడ పెట్టండి. మీకు బ్యాగులు కావాలా, హిచ్ సర్దితే సరిపోతుందా, లేక ట్రక్కే చిన్నదైపోయిందా అన్నది లెక్క వేసి చెబుతాను.