పార్కింగ్‌లో పక్క కారుకి గీరుకుంటే, వెనక సీట్లో పిల్ల ఏడుస్తుంటే

మొన్న రాత్రి పదిన్నరకి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, హెచ్4 వీసా (ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చి ఇంకా ఆరు నెలలు కూడా కాలేదు, ఫోన్ ఎత్తగానే ఒకటే ఏడుపు. అక్కా, షాపు పార్కింగ్‌లో పక్క కారుకి తగిలించేశాను, బాబు వెనకాల గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, చుట్టూ ఎవరూ లేరు, భయమేసి ఇంటికొచ్చేశాను, ఇప్పుడేమవుతుంది అని. ముందు కాసిని మంచినీళ్ళు తాగమన్నాను, తర్వాత వాళ్ళ ఊరి పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఆ రాత్రే ఫోన్ చేయించి ఎక్కడ, ఎప్పుడు, ఏ రంగు కారు అన్నీ చెప్పించాను. తనలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కదా అని ఇది రాస్తున్నాను. నేనుండేది కాలిఫోర్నియా, ఇక్కడి రూల్సే చెప్తున్నాను, వేరే స్టేట్స్‌లో ఉన్నవాళ్ళు మీ స్టేట్‌వి ఒకసారి చూసుకోండి.

నాకు ఇది 2019లో ఫ్రీమాంట్‌లో జరిగింది. శనివారం సాయంత్రం, ఇండియన్ స్టోర్ పార్కింగ్ కిక్కిరిసి ఉంది, మా పాపకి అప్పుడు మూడేళ్ళు. కారు రివర్స్ తీస్తుంటే దాని నీళ్ళ కప్పు కింద పడింది, అమ్మా కప్పు అమ్మా కప్పు అని గోల, నేను ఉండమ్మా ఉండమ్మా అంటూనే స్టీరింగ్ ఎడమకి తిప్పేశాను, ఇంకా సగం కూడా బయటికి రాకుండానే. గర్ర్‌మని చప్పుడు. రివర్స్‌లో స్టీరింగ్ ఎడమకి తిప్పితే వెనక భాగం ఎడమకి పోతుంది, ముందు కుడి మూల బయటికి ఊగుతుంది, అది వెళ్ళి పక్క కారు వెనక తలుపుని గీరేసింది. వెనక కెమెరాలో అదేం కనపడదు. 2018 మే నుంచి తయారైన కార్లన్నిటికీ ఇక్కడ ఆ కెమెరా తప్పనిసరి, అందుకని అందరం దాన్నే చూస్తూ తీస్తాం, మూలలు మర్చిపోతాం. పైగా మనం ఇండియాలో కుడివైపు కూర్చుని నడిపినవాళ్ళం, ఇక్కడ ఎడమవైపు కూర్చునేసరికి కుడి మూల ఎక్కడిదాకా ఉందో అంచనా దొరకడానికి చాలా రోజులు పడుతుంది. కాబట్టి మీరు కూర్చున్న సీటు, పక్క కారు వెనక బంపర్‌ని దాటేదాకా నిటారుగా రండి, ఆ తర్వాతే తిప్పండి.

దిగి చూస్తే జానెడు గీత, కొంచెం సొట్ట, దాని మీద మా కారు తెల్ల పెయింటు. లోపల ఎవరూ లేరు. ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే ఎవరూ చూళ్ళేదుగా, వచ్చెయ్ అంది. తను చెడ్డదేం కాదు, మన ఊళ్ళో అలవాటు అలాంటిది, అంతే. కానీ ఇక్కడ ఆ ఒక్క పనే చెయ్యకూడదు. ఆగి ఉన్న కారుకి తగిలించి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతే అది హిట్ అండ్ రన్ కింద మిస్‌డిమీనర్, అంటే చిన్నదే అయినా క్రిమినల్ నేరమే, ఆరు నెలలదాకా జైలు, వెయ్యి డాలర్లదాకా ఫైన్ ఉండొచ్చు, షాపు సొంత పార్కింగ్ అయినా సరే. గీత పడితే ఇన్సూరెన్స్ కడుతుంది, అది నేరం కాదు. వెళ్ళిపోవడమే నేరం. మనకింకో బాధ కూడా ఉంది, వీసాకి నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు, గ్రీన్‌కార్డ్ ఫారంలోనూ అడుగుతారు, ఒక గీత కోసం అక్కడ అవును అని రాసుకోవాల్సిన ఖర్మ ఎందుకు చెప్పండి. షాపు కెమెరాలుంటాయి, టెస్లాలైతే ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డ్ చేస్తుంటాయి. కెమెరాల సంగతి పక్కన పెట్టినా, ఆ కారు మనదైతే మనకెలా ఉంటుందో ఒక్క క్షణం అనుకోండి.

ఇక పిల్ల సంగతి. ఓనర్‌ని వెతకడానికి షాపులోకి వెళ్ళాలి, రెండు నిమిషాలే కదా, పిల్ల కార్లో ఉంటుందిలే అనిపిస్తుంది. అస్సలు వద్దు. బయట 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే మూసిన కార్లో పది నిమిషాల్లో 99 దాకా పోతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఇక్కడ ఆరేళ్ళు, అంతకంటే చిన్న పిల్లల్ని ఇంజన్ ఆన్‌లో ఉన్నా, తాళం దానికే ఉన్నా, లేదా పిల్లకి ప్రమాదం ఉండే పరిస్థితైనా, పన్నెండేళ్ళు నిండినవాళ్ళు తోడు లేకుండా వదిలితే వంద డాలర్ల ఫైన్. ఫైన్ ఎంతైతేనేం, ఎవరైనా చూసి 911కి ఫోన్ చేస్తే అప్పుడు మీ గీత గొడవ ఎటో పోతుంది. నేను మళ్ళీ అదే పార్కింగ్ గీతల మధ్యలోకి కారు పెట్టేసి, ఇంజన్ ఆపి, పాపని చంకనేసుకుని లోపలికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర కారు నంబరు చెప్తే మైకులో రెండుసార్లు పిలిచారు, ఎవరూ రాలేదు.

ఓనర్ దొరకలేదు కాబట్టి ఇక ఆ కారు మీద చీటీ పెట్టాలి. కాయితం లేదు, పాప డేకేర్‌లో వేసిన చేప బొమ్మ ఒకటి డైపర్ బ్యాగులో ఉంది, కౌంటర్‌లో పెన్ను అడిగి దాని వెనక రాశాను. నా పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, కారు మావారి పేరు మీద ఉంది కాబట్టి ఆయన పేరు, అడ్రస్, ఎన్ని గంటలకి ఎలా తగిలిందో రెండు లైన్లు. ఓనర్ వేరేవాళ్ళైతే వాళ్ళ పేరు కూడా రాయాలి, చాలామంది ఇది వదిలేస్తారు. చేప నాది, ఇవ్వను అని అది మళ్ళీ ఏడుపు. చీటీ వైపర్ కింద పెట్టి, అది కనపడేలా ఒక ఫోటో, గీతకి రెండు, నంబర్ ప్లేట్‌కి ఒకటి తీశాను. చీటీతో అయిపోలేదు, పోలీసులకి కూడా ఆలస్యం చెయ్యకుండా చెప్పాలి, దెబ్బలు తగల్లేదు కాబట్టి 911 కాదు, నాన్ ఎమర్జెన్సీ.

రాత్రి ఎనిమిదింటికి ఆ కారు ఓనర్ ఫోన్ చేశాడు, కోప్పడతాడని వణుకుతూ ఎత్తాను, ముందు మీ పాప బాగుందా అని అడిగాడు. రిపేర్‌కి 1,400 డాలర్లయ్యింది, మా లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి కట్టేది, కట్టింది. డ్యామేజ్ వెయ్యి దాటితే తప్పు ఎవరిదైనా పది రోజుల్లోపు డీఎంవీకి (లైసెన్సులు, కార్ల రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసు) ఎస్‌ఆర్-1 అనే యాక్సిడెంట్ రిపోర్ట్ ఫారం పంపాలి, నేను ఆన్‌లైన్‌లో పంపేశాను. ఒకవేళ అవతలివాళ్ళు క్యాష్ ఇచ్చెయ్ చాలు అంటే సరేనని అక్కడికక్కడ ఇచ్చెయ్యకండి, కనీసం రాతపూర్వకంగా తీసుకోండి, రేపు వాళ్ళ మాట మారితే మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

కొత్తగా వచ్చినవాళ్ళు డబ్బు మిగులుతుందని చట్టం చెప్పిన కనీస లయబిలిటీయే తీసుకుంటారు. అప్పట్లో ఎదుటివాళ్ళ కారుకి అది 5,000 డాలర్లే, 2025 జనవరి నుంచి 15,000 చేశారు, ఇప్పటి కార్లకి బంపర్లోనే సెన్సార్లుంటాయి, అది కూడా ఎంతో కాదు. కాస్త పెంచుకోండి. మీ కారుకి తగిలినదానికి కొలిజన్ కవరేజ్ వేరేగా ఉండాలి, లేకపోతే మీ జేబులోంచే.

మొన్న ఫోన్ చేసిన అమ్మాయి బాబు కూర్చునే కార్ సీటు గురించి కూడా అడిగింది, మార్చాలా అని. కారు నడిపి ఇంటికి తెచ్చుకోగలిగితే, సీటు పక్క తలుపు దెబ్బతినకపోతే, లోపల ఎవరికీ గాయం కాకపోతే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోతే, సీటు మీద పగులు కనపడకపోతే, ఈ అయిదూ ఉంటే మార్చక్కర్లేదని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఇక్కడ రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు చెప్తారు, సీటు తయారుచేసిన కంపెనీ మాన్యువల్‌లో ఏమందో కూడా చూడండి. ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు మూవింగ్ సేల్‌లో అమ్మే సీట్లు తీసుకునేటప్పుడు మాత్రం ఇది ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి, సీటు కింద గానీ వెనక గానీ ఎక్స్‌పైరీ తేదీ అచ్చేసి ఉంటుంది, తిప్పి చూడండి, వాళ్ళు ఎంత బాగా తెలిసినవాళ్ళైనా సరే.