సంక్రాంతి పిచ్‌కి నీళ్లు పోసేముందు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. ఈ సంక్రాంతికి పిచ్ మీద పరిచే మ్యాటింగ్ పట్టా తీసేసి గరిక పిచ్ మీదే క్రికెట్ టోర్నమెంట్ ఆడిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొట్టంగిలో మట్టి పిచ్ అనే మాట వినగానే కడుపు నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మీ కొండమీద చలి ఎలాంటిదో నాకు తెలుసురా.

మా రాయగడ పల్లంలో సాగే లెక్కలు అక్కడ సాగవు. రాత్రులు వరసగా 10 డిగ్రీలకు దిగాయంటే గరిక ఎదుగుదల ఆపేసి గోధుమరంగుకి తిరుగుతుంది. చచ్చిపోయిందనుకుని యూరియా చల్లేవు, జాగ్రత్త! చలిలో యూరియా పడితే లేత ఆకు వస్తుంది, మంచుకి నానుతుంది, బూజు పట్టి మచ్చలుగా ఎండిపోతుంది. కార్తీకంలోనే, గరిక ఇంకా పచ్చగా ఉన్నప్పుడు, చదరపు మీటరుకి 10 గ్రాముల పొటాష్ చల్లి తడుపు. పిచ్ పొడవు 22 గజాలు, వెడల్పు 10 అడుగులు, అంటే 600 గ్రాములు చాలు. చారెడు ఎక్కువేస్తే మంచిదే అనుకోకు.

పిచ్ చుట్టూ ఉన్న అవుట్‌ఫీల్డ్‌లో గడ్డి అంగుళం కంటే కిందికి కొయ్యొద్దు. తుంగని గడ్డతో సహా తవ్వి తియ్యాలి. మేకలు రాకుండా కంచె వెయ్యి. పొద్దున్నే పొడుగాటి తాడు చెరో కొసా ఇద్దరు పట్టుకుని గ్రౌండంతా ఈడిస్తే మంచు రాలిపోతుంది, గడ్డి గంట ముందే ఆరుతుంది.

అసలు భయం పిచ్ గురించి. ఎండాకాలం లెక్కతో చలికాలంలో నీళ్లు పోయడం పాత తప్పు, నా చేతుల మీదుగా జరిగిందే. నువ్వు అదే చేస్తావని ఇంత ఉత్తరం రాస్తున్నాను.

పిచ్‌లో తడి రెండు దారుల్లో పోతుంది. పైనున్న తడిని ఎండా గాలీ తీసుకుపోతాయి. నాలుగు అంగుళాల లోతులో ఉన్నదాన్ని గరిక వేళ్లు లాగి ఆకుల్లోంచి వదిలేస్తాయి. ఎండాకాలంలో ఆ వేళ్లే మనకి సగం పని చేసిపెడతాయి. పుష్యంలో గరిక పడుకుంటుంది కదా, కింద తడి లాగేవాళ్లుండరు. పైన మాత్రం మధ్యాహ్నం ఎండకి రెండు రోజుల్లోనే పలక కట్టి తెల్లబడుతుంది. చూసేవాడికి పిచ్ తయారైపోయినట్టే ఉంటుంది. దానిమీద బరువు రోలర్ ఎక్కిస్తే పైపలక కింది బురదలోకి కుంగి, బిళ్లలుగా పగులుతుంది. మ్యాచ్ రోజు బంతి బిళ్ల అంచుకి తగిలితే గుడ్ లెంగ్త్ నుంచి, అంటే బ్యాట్స్‌మన్‌కి కాస్త ముందు నుంచి, నేరుగా గడ్డానికి లేస్తుంది. పక్కనే పడిన బంతి చీలమండ ఎత్తులో జారిపోతుంది. అందుకే చెబుతున్నాను, హెల్మెట్ లేని పిల్లాణ్ణి ఎవరు బతిమాలినా క్రీజులోకి పంపకు. హెల్మెట్లు రెండే ఉంటే మార్చుకుంటూ ఆడతారు.

కాబట్టి ఎండాకాలంలో వారం పట్టే పనికి పన్నెండు రోజులు పెట్టుకో. జనవరి 2కల్లా నీళ్లు పోయడం అయిపోవాలి. మొత్తం 1500 లీటర్లు, రెండు పొద్దుల్లో, చిల్లుల మూతి ఉన్న పూలకుండీ డబ్బాతో మెల్లగా, మట్టి తాగేకొద్దీ పొయ్యి. సాయంత్రం చుక్క కూడా వద్దు, రాత్రంతా గడ్డి తడిగా ఉంటే మళ్లీ బూజే. ఆ తర్వాత రెండు రోజులు ఎవరినీ దానిమీద అడుగు పెట్టనివ్వకు.

రోలింగ్‌కి ముందు కత్తితో మూడంగుళాల లోతునుంచి చిటికెడు మట్టి తీసి అరచేతుల మధ్య నులుము. సన్నని పుల్లలా సాగి వేలికి అంటుకుంటే ఇంకా పచ్చిది. పుల్లలా వస్తూనే అక్కడక్కడా విరుగుతుంటే రోలర్ ఎక్కించొచ్చు. సాగకుండా పొడై రాలిపోతే ఆలస్యమైనట్టు, ఇక ఎంత తొక్కించినా గట్టిపడదు. పైమట్టి చూసి మోసపోకు, ప్రతిసారీ లోతునుంచే తియ్యి.

మొదట చేతి రోలర్, 300 కిలోలది చాలు. మంచు పూర్తిగా ఆరాక, పదిన్నర తర్వాతే. తడి ఆకుమీద లాగితే మట్టి రోలర్‌కి అంటుకుని పెచ్చులుగా లేచిపోతుంది, ఆ గుంట మళ్లీ పూడదు. మొదటి రెండు రోజులు అడ్డంగా, ఐమూలగా కూడా లాగించు, ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. తర్వాత నిలువునా, నడక కంటే నెమ్మదిగా. బరువు రోజురోజుకీ పెంచు. రోడ్డు పనివాళ్ల రోలర్ తెస్తామని ఎవరో ఒకరు అంటారు. పది టన్నులది, ఒప్పుకోకు. గడ్డి కోత కూడా అంతే, రోజుకి కాస్త తగ్గిస్తూ చివరికి 6 మిల్లీమీటర్లకి తీసుకురా.

రాత్రిపూట టార్పాలిన్ కప్పు, గడ్డికి ఆనకుండా కింద వెదుళ్లు పెట్టి. తెల్లారి ఎండ తగలగానే తీసెయ్. కింద చెమట పట్టిందంటే కప్పి లాభం లేదు.

పని అయ్యాక రోలర్‌ని పల్లంవైపు వదలకు, రెండు పక్కలా రాళ్లు పెట్టించు. పిల్లలు ఎక్కి ఆడతారు, నీకు తెలియనిదా.

నువ్వూ మఫ్లర్ కట్టుకోరా, పొద్దున్నే పొగమంచులో తిరక్కు. నాలుగో తారీఖున ఆ మట్టి పుల్ల ఫోటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా రోలర్ ముట్టుకోవద్దు.

మీ మావయ్య