డబ్బు పడ్డాకే రంగు

ప్రశ్న: మాది గుణుపూర్. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. చీర అంచులు కుట్టే పీకో మిషను, గుడ్డ అంచు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను రెండూ కొనాలంటే షాపువాళ్లు 36,000 అన్నారు. మా పాప ఫోన్లో చూసి, గాజు జాడీ బొమ్మలో వంద గళ్లున్న కాగితం ప్రింట్ తీయించి తెచ్చింది. గడికి 360 చొప్పున దాచి రంగు వేయాలి. మొదటి నెలలోనే 11 గళ్లు వేశాం. మొన్న డబ్బా తెరిచి చూస్తే 1,450 ఉంది. ఆ కాగితం చూస్తేనే చిరాకొస్తోంది. "రంగులేస్తే డబ్బులొస్తాయా" అని మా ఆయన నవ్వుతారు. కుట్టుకూలి నెలకి ఏడు వేల దాకా వస్తుంది, అందులో ఐదు వేలు ఇంటికే అయిపోతుంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర డబ్బులు కూడా పడుతున్నాయి. ఈ కాగితం పక్కన పడేసి పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ వేసుకోమంటారా సార్?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. రావు. రంగులేస్తే డబ్బులు రావు. ఉన్న డబ్బు ఎంతో, పోయింది ఎంతో మాత్రం తెలుస్తుంది. మీకూ అదే తెలిసింది. 11 గళ్లంటే 3,960. డబ్బాలో 1,450. తేడా 2,510.

ఈ తేడా ఎక్కడిదో మీరు రాయలేదు గానీ, ఇలాంటి కాగితాలు నా బల్ల మీదకి చాలానే వస్తాయి కాబట్టి ఊహించగలను. "రేపు ఫలానా ఆవిడ నాలుగు జాకెట్ల డబ్బులిస్తుంది కదా" అని ఈ రోజే రంగేసిన గళ్లు కొన్ని ఉంటాయి. గ్యాస్ బండ వచ్చిన రోజు డబ్బాలోంచి తీసి, కాగితం జోలికి పోని గళ్లు కొన్ని ఉంటాయి. ఆ రోజు నుంచి కాగితం అబద్ధం చెప్తోంది. అబద్ధమని మీకు తెలుసు. అందుకే దాన్ని చూస్తే చిరాకు. దీన్ని బద్ధకమని మీ మీద వేసుకోకండి.

పర్లాకిమిడిలో మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో పాల లెక్క గీసేది. లీటరుకి పొడుగు గీత, అరలీటరుకి పొట్టి గీత, పాలు రాని రోజుకి సున్నా. సంక్రాంతికి సున్నం వేసేవాడు వస్తే ఆ జానెడు మేర వదిలేయమనేది. నెలాఖరుకి పాలాయన పుస్తకానికీ మా గోడకీ తేడా వస్తే ప్రతిసారీ గోడే నెగ్గేది. ఎందుకంటే పాలు గిన్నెలో పడ్డాకే అమ్మ గీత గీసేది, వీధిలో సైకిల్ బెల్లు విని కాదు. మీ కాగితానికీ కావలసింది ఆ ఒక్క నియమమే: డబ్బు పడ్డాకే రంగు.

రెండో తప్పు ఆ కాగితంలోనే ఉంది. నెలజీతం వచ్చేవాళ్లకి ఏ గడి అయినా నడుస్తుంది. మీ చేతికి డబ్బు నెలకోసారి రాదు. ఇవాళ జాకెట్టు కూలి, ఎల్లుండి చీర ఫాల్, ఆపైన నాలుగు రోజులు ఏమీ లేదు. 360 కూడేసరికి అందులో వంద పాలకీ, యాభై పాప పెన్నులకీ పోతుంది, గడి ఖాళీగానే ఉంటుంది. చేతికొచ్చే డబ్బు ఎంత ముక్కల్లో వస్తుందో గడి కూడా అంతే ఉండాలి. మీకు వంద రూపాయల గడి సరిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒడిశా ప్రభుత్వం సుభద్ర కింద ఏడాదికి 10,000 ఇస్తోంది, రాఖీ పున్నమికి 5,000, మార్చి 8న 5,000. 36,000లో ఆ పదివేలు తీసేస్తే మీ చేతి కష్టం మీద దాచాల్సింది 26,000. ఇంటికి ఇచ్చేది పోగా మీకు మిగిలేది నెలకి 2,000. అంటే 13 నెలలు. మొదటి కాగితంలో గడువే లేదు, గమనించారా? అందుకే అది ఎప్పటికీ తెమలనట్టు అనిపించింది.

కొత్త కాగితం పాప చేత గీయించండి. వరసకి పది గళ్లు, మొత్తం 26 వరసలు. వరస నిండితే వెయ్యి. కింద రెండు పెద్ద గళ్లు సుభద్రకి, ఒక్కోటి 5,000. ఆ విడత రోజు అటూ ఇటూ జరిగినా కంగారు పడకండి, ఖాతాలో పడ్డట్టు మెసేజ్ వచ్చాకే వాటికి రంగు.

గాజు జాడీ బొమ్మ మనకెందుకు! మీ ఊరికి రైలుంది కదా. కాగితం అంచున పట్టా గీసి, కింద నౌపడ రాయమనండి. ఆరో వరస దగ్గర టెక్కలి, పన్నెండు దగ్గర పాతపట్నం. పాతపట్నం నుంచి పర్లాకిమిడి పక్కనే కాబట్టి పద్నాలుగు దగ్గర అది. ఇరవైకి కాశీనగర్, ఇరవై ఆరుకి గుణుపూర్. ఆ లైను మీద పెద్ద రైలు పట్టాలు వేయకముందు, 2004 దాకా చిన్న రైలే నడిచేది, దాని నడక మా వయసువాళ్లకి బాగా తెలుసు. మీ డబ్బు కూడా అలాగే నడుస్తుంది. మొదటి రోజే డబ్బాలో ఉన్న 1,450కి 14 గళ్లకి రంగు వేసేయండి. నౌపడలో బండి కదిలినట్టే.

ఖాళీ వారాలకి కూడా గుర్తు ఉండాలి. కెన్యాలో నైరోబీ నగరంలోని కిబేరా అనే బస్తీలో చిన్నచిన్న పనులు చేసుకునేవాళ్ల మీద పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారం వారం దాచమని మెసేజ్‌లు పంపారు, కొందరికి దాచినదాని మీద కొంత కలిపి ఇచ్చారు. ఇంకొందరికి 24 వారాల అంకెలు చెక్కిన బంగారు రంగు నాణెం ఒకటి ఇచ్చి ఇంట్లో పెట్టుకోమన్నారు. ఆ వారం దాస్తే అంకె మీద ఒక రకంగా గీకాలి, దాచకపోతే ఇంకో రకంగా. అందరికంటే ఎక్కువ దాచింది నాణెం ఉన్నవాళ్లే. అందులో నాకు నచ్చింది దాచని వారానికి కూడా గీత ఉండటం. మా అమ్మ గోడ మీద సున్నాలాంటిదే కదా! కాబట్టి ఏమీ వేయలేని వారం కాగితం అంచున తేదీ రాసి సున్నా చుట్టండి. తప్పనిసరై డబ్బు తీస్తే, ఎన్ని వందలు తీశారో అన్ని గళ్ల మీద నల్లపెన్నుతో అడ్డగీత కొట్టండి. చెరపొద్దు. తిరిగి వేశాక ఆ గీత మీదే రంగు. ఆషాఢంలో సున్నాలు వరసగా వస్తాయి, రానివ్వండి. రజో పండక్కి, దసరాకి, సంక్రాంతికి ముందు కుట్టు పని మీదపడినప్పుడు ఒకే వారంలో వరస నిండిపోతుంది.

ఇక ఆర్‌డీ. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే, ఇది రాసేనాటికి వడ్డీ 6.7 శాతం. కానీ అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసేయడానికి లేదు. మీకు మిషన్లు 13 నెలల్లో కావాలి. పైగా నెలనెలా ఒకే మొత్తం కట్టాలి, తప్పితే నూటికి రూపాయి చొప్పున జరిమానా. ఆషాఢంలో మీరు తప్పుతారు. బ్యాంకులో ఏడాది ఆర్‌డీ దొరుకుతుంది గానీ అక్కడా ఇదే ఇబ్బంది. మీకు పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా చాలు. వడ్డీ 4 శాతం, 500 ఎప్పుడూ ఉంచాలి. ఏటీఎం కార్డు అడగకండి. పదో తేదీ లోపు వేస్తే ఆ నెలకి కూడా వడ్డీ లెక్కిస్తారు. వడ్డీ మొత్తం కలిపినా కొన్ని వందలే వస్తుంది, దానికోసం కాదిది. డబ్బాలో వెయ్యి దాటి ఉండకూడదని. గ్యాస్ బండవాడు పిలిచినప్పుడు చెయ్యి ముందు వెళ్లేది డబ్బాలోకే కదా. వరస నిండగానే తీసుకెళ్లి వేయండి, పాస్‌బుక్కులో పడిన తేదీ ఆ వరస చివర రాయండి.

దీనికి రోజు కూడా పెట్టుకోండి. మన వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం కదా. ఆ రాత్రి భోజనాలయ్యాక డబ్బా తెరిచి లెక్కపెట్టి పాప చేత రంగు వేయించండి. అత్తగారు లక్ష్మివారం, శుక్రవారం డబ్బు గడప దాటనివ్వకపోతే వాదన వద్దు, పోస్టాఫీసుకి సోమవారం వెళ్లండి. మీ ఆయన్ని నవ్వనివ్వండి, కానీ డబ్బా లెక్క ఆయన చేతే పెట్టించండి.

కాగితం మిషను ఎదురుగా అంటించకండి. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు చదువుతారు. ఒకరు బేరమాడతారు, ఇంకొకరు చేబదులు అడుగుతారు. బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. రంగు ప్రింట్లు అక్కర్లేదు, పాప గీసినదాన్ని ఒక జెరాక్స్ తీసి దాచండి, చినిగితే పనికొస్తుంది.

చివరగా మిషన్ల సంగతి. 36,000లో మోటారు, స్టాండు, జీఎస్టీ అన్నీ కలిశాయో లేదో షాపులో అడిగి కాగితం మీద రాయించుకోండి. కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో 18 రకాల చేతివృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకి 15,000 దాకా వోచర్ ఇస్తారు, కుటుంబంలో ఒక్కరికే. దర్జీలకి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ ఊళ్లో ప్రభుత్వ పథకాలకి దరఖాస్తులు పెట్టే సీఎస్‌సీ కేంద్రంలో కనుక్కోండి. వస్తే కాశీనగర్ చేరేలోపే మిషన్లు ఇంట్లో ఉంటాయి. అయితే వోచర్ చేతికి వచ్చేదాకా దానికోసం గడి గీయొద్దు.