భూమి విలువ పన్నుకు లెఫ్ట్, రైట్ ఇద్దరినీ ఒప్పించడం ఎలా?

"లెఫ్ట్‌వాళ్లకు చెబితే ఇది చాలదంటారు, రైట్‌వాళ్లు పన్ను అన్నమాట వినగానే లేచిపోతారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని భూమి విలువ పన్ను గురించి ఒకరు అడిగారు. కట్టడాన్ని వదిలేసి స్థలం విలువ మీదే వేసే పన్ను ఇది. రెండు వైపులవాళ్లతోనూ ఏళ్ల తరబడి వాదించిన అనుభవంతో చెప్తున్నాను: ఇద్దరిచేతా ఒకే కారణం ఒప్పించాలని చూడకండి. పన్ను ఒకటైతే చాలు, కారణం ఎవరిది వాళ్లకే ఉండనివ్వండి.

నేను ఎవరితోనైనా ఒకే లెక్కతో మొదలుపెడతాను. పక్కపక్కనే రెండు సమానమైన స్థలాలు. ఒకదాంట్లో నాలుగంతస్తుల ఇల్లు కట్టి అద్దెకిచ్చారు, రెండోది ధర పెరిగేదాకా కంచె వేసి వదిలేశారు. మామూలు ఆస్తి పన్ను ఇల్లు కట్టినవాడి మీదే ఎక్కువ పడుతుంది. ఇది సబబేనా? రైట్ మిత్రుడు "కష్టపడి కట్టినందుకు జరిమానానా?" అంటాడు. లెఫ్ట్ మిత్రుడు "రోడ్డు వేసింది, నీళ్లిచ్చింది జనం డబ్బుతో, లాభం ఖాళీగా కూర్చున్నవాడికా?" అంటాడు. దారులు వేరైనా ఇద్దరూ చేరేది స్థలం విలువ మీద పన్ను దగ్గరికే. ఇది కొత్తేమీ కాదు. స్వేచ్ఛా మార్కెట్ వాది, ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఉన్న పన్నుల్లో తక్కువ చెడ్డది ఇదేనన్నారు. ఆయనతో ఎన్నో విషయాల్లో పడని ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ కూడా దీన్ని సమర్థించారు.

"భూమి అందరిదీ" అన్నమాటతో మాత్రం మొదలుపెట్టకండి. అది నిజమో కాదో తర్వాత సంగతి, రైట్ శ్రోత అక్కడే చెవులు మూసుకుంటాడు. మిగతా పన్నులన్నీ ఎత్తేయొచ్చనే పాత ఏక పన్ను నినాదం కూడా అంతే, వినేవాళ్లకు పిచ్చి పట్టిందేమో అనిపిస్తుంది.

అసలు పేచీ వచ్చేది వచ్చిన డబ్బు ఏం చెయ్యాలన్న దగ్గర. లెఫ్ట్ ఖర్చు పెట్టాలంటుంది, రైట్ వేరే పన్ను తగ్గించాలంటుంది. మొదటి మెట్టులో ఈ గొడవే రానివ్వకండి. స్థలం మీద ఎంత పెంచితే కట్టడం మీద అంతే తగ్గించండి, మొత్తం రాబడి మారకూడదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం స్థలానికి, కట్టడానికి వేర్వేరు రేట్లు పెట్టింది: 1913 చట్టంతో కట్టడాల రేటును మెల్లగా స్థలం రేటులో సగానికి దించింది, తర్వాత 1979-80లో స్థలం రేటును కట్టడాల రేటుకు ఐదు రెట్లు దాటించింది.

2001లో అక్కడ ఆ పద్ధతే ఎత్తేశారు. సిద్ధాంతాల పోరేమీ కాదు, ఆస్తుల విలువలు కొత్తగా కట్టిన తీరు మీద జనం మండిపడ్డారు. అందుకే నేను మదింపు, అంటే ఆస్తికి విలువ కట్టే పద్ధతి గురించే ఎక్కువ మాట్లాడతాను. ఐరోపా దేశం ఎస్టోనియా 1993 నుంచి భూమి మీదే పన్ను వేస్తోంది, ఇళ్ల మీద లేదు. కానీ 2001 నాటి విలువలనే 2022దాకా సవరించలేదు. విలువలు ఎప్పటికప్పుడు, అందరూ చూసేలా, అప్పీలుకు వీలుంచి కట్టకపోతే ఏ పార్టీ మద్దతూ నిలవదు.

ఖరీదైన చోట ఇల్లుండి, పింఛను మీద బతికే ముసలావిడ సంగతేంటని ఇద్దరూ అడుగుతారు, అడగాలి కూడా. పన్నును ఇల్లు అమ్మినప్పుడో, వారసులకు వెళ్లినప్పుడో కట్టే వీలుంచితే ఆ భయం చాలావరకు పోతుంది. రైతుకు మాత్రం గుర్తుచెయ్యండి, భారం ఎకరాల లెక్కన కాదు, విలువ లెక్కన. నడిబొడ్డు స్థలంతో పోలిస్తే ఊరి బయటి పొలం విలువ చాలా తక్కువ.

(కంచె వేసుకు కూర్చున్నవాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉంటారు, అందరికీ చందాలిస్తారు. ఆ ఐక్యతను ఓడించడమే కష్టం.)

ఇప్పటికిప్పుడు చేయగలిగింది కావాలంటే, పన్ను బిల్లులో స్థలం విలువ, కట్టడం విలువ వేర్వేరు గడుల్లో చూపించమని మీ స్థానిక సంస్థను కోరే వినతిపత్రం రాయండి. రేటు మారదు కాబట్టి దాని మీద సంతకానికి రెండు వైపులవాళ్లూ ఒప్పుకుంటారు. నేను కలిసినవాళ్లలో కాదన్నవాళ్లు తక్కువ.