చినుకు కంటే ముందొచ్చే గాలి

ఎండలు, గాలివానలు, అడవి మంటల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ పొలిమేర అవతలి తెలుగువాళ్లవే: చంద్రపూర్, గడ్చిరోలి, గంజాం, గజపతి జిల్లాల నుంచి వచ్చాయి.

ప్ర: మధ్యాహ్నం ఒళ్లు పేలిపోయే ఎండ. నాలుగింటికి మబ్బు కమ్ముతుంది, ఉరుముతుంది, దూరాన వాన తెరలు వేలాడుతూ కనిపిస్తాయి. తీరా మా ఇంటి మీదికొచ్చేది దుమ్ము, రేకులు లేపే గాలి. చినుకు మాత్రం రాలదు. ఆ వాన ఎటు పోతోంది? (బల్లార్షా)

జ: ఎటూ పోవడం లేదు, దారిలోనే ఆవిరైపోతోంది. మీకు కనిపించే తెర నిజమైన వానే. కాకపోతే దాని కింది అంచు నేలను తాకకుండా గాల్లోనే మాసిపోయి ఉంటుంది. ఈసారి గమనించండి.

మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉందో ఇంట్లో కూర్చునే లెక్కగట్టొచ్చు. ఫోన్లో వాతావరణం చూపించే చోట ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది. గాలిని ఎంతవరకు చల్లబరిస్తే అందులోని ఆవిరి మంచుబొట్లుగా మారుతుందో చెప్పే అంకె అది. మొదటి అంకెలోంచి రెండోది తీసేసి, మిగిలినదాన్ని 125తో హెచ్చవేస్తే మబ్బు అడుగు ఎత్తు మీటర్లలో వస్తుంది, ఉజ్జాయింపుగా. బల్లార్షాలో 44 డిగ్రీలు, డ్యూ పాయింట్ 16 అనుకుందాం. తేడా 28, అంటే 3,500 మీటర్లు. అదే రోజు సముద్రతీరం దగ్గరి బరంపురంలో 36, 28 ఉంటే తేడా ఎనిమిదే, మబ్బు అడుగు వెయ్యి మీటర్లలోనే ఉంటుంది. చినుకు మీ దగ్గర మూడున్నర కిలోమీటర్ల ఎండుగాలిని దాటుకుని రావాలి, అక్కడ ఒక్క కిలోమీటరు దిగితే చాలు.

అసలు పేచీ ఆవిరయ్యే చినుకుతోనే. కిలో గాలిలో ఒక్క గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి దాదాపు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి చుట్టూ ఉన్న వేడిగాలి కంటే బరువు, కాబట్టి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. బిందెడు నీళ్లు గచ్చు మీద గుమ్మరిస్తే నలువైపులా ఎలా పరుచుకుంటాయో నేలను కొట్టిన ఆ గాలీ అలాగే పరుచుకుంటుంది. గంటకు 60, 80 కిలోమీటర్ల వేగం మామూలే, ఒక్కోసారి 100 దాటుతుంది. మబ్బు ఇంకా పది, ఇరవై కిలోమీటర్ల దూరాన ఉండగానే, మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే వచ్చి పడుతుంది. వాన ఎంత తక్కువ నేలకు చేరితే గాలి అంత ఎక్కువ ఉండొచ్చన్నమాట.

రేకుల సంగతి. గాలి ఎప్పుడూ చూరు కిందనుంచి, మూలల దగ్గర పట్టుకుని లేపుతుంది. అందుకే చూరు వెంట, పక్క అంచుల వెంట రేకును బిగించే కొక్కెం బోల్టులు (జె బోల్టులు) మధ్యలో కంటే దగ్గర దగ్గరగా ఉండాలి, వాటి రబ్బరు వాషర్లు ఎండకు పగిలాయేమో ఏటా మార్చిలో చూసుకోవాలి. దుమ్ము లేచినప్పుడు గాలి వచ్చే వైపు తలుపులు మూసేయండి. లేకపోతే లోపల చేరిన గాలి కూడా రేకును పైకే నెడుతుంది. రేకుల మీద బండరాళ్లు పెట్టి ఊరుకునేవాళ్లకు ఒక మాట: రేకు లేచినప్పుడు ముందుగా నెత్తిన పడేది ఆ రాళ్లే.

ప్ర: చంద్రపూర్‌లో ఉండే మా అక్కవాళ్లింట్లో కూలర్ వేస్తే చలి పుడుతుంది. అదే కంపెనీ కూలర్ మా ఇంట్లో ఒట్టి జిడ్డుగాలి కొడుతోంది. మాకు ఎండ వాళ్లకంటే ఎనిమిది డిగ్రీలు తక్కువాయె. బాగుచేయించాలా? (బరంపురం)

జ: కూలర్‌లో లోపం లేదు, డబ్బులు పెట్టకండి. థర్మామీటర్ గుండుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎక్కడిదాకా దిగుతుందో, కూలర్ ఎంత మంచిదైనా గాలిని అంతకంటే చల్లబరచలేదు. 44 డిగ్రీల చంద్రపూర్ ఎండుగాలిలో తడిగుడ్డ అంకె దాదాపు 25. 36 డిగ్రీల మీ ఉప్పుగాలిలో 30. మంచి గడ్డిప్యాడ్ ఉన్న కూలర్ ఆ తేడాలో ఐదింట నాలుగు వంతులు లాగుతుంది. అంటే అక్కడ 44 కాస్తా 29 అవుతుంది. మీ ఇంట్లో 36 దిగి 31 దగ్గర ఆగుతుంది, పైగా గది నిండా తేమ. కిటికీలు బార్లా తెరిచి ఎదురుగాలికి పెడితే కొంత మెరుగు. అంతకంటే మీకు ఒట్టి ఫ్యానే నయం.

చంద్రపూర్ వాళ్లకు మాత్రం ఫ్యాన్ ఒక్కటే మంచిది కాదు. గదిలో 40 దాటాక ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది. ముసలివాళ్లకు ఒంటి మీద తడిగుడ్డ వేశాకే ఫ్యాన్ వేయండి. మొదటి గాలివాన కురిసిన మర్నాడు మీ అక్కగారి కూలర్ కూడా మీదానిలాగే మొరాయిస్తుంది, చూడండి.

ప్ర: తమ్ముడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పని. రోజూ మజ్జిగ సీసా పంపుతున్నా రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. చెమటే పట్టడం లేదంటాడు. (రాజురా)

జ: చెమట పడుతోంది, కనపడడం లేదు. అంత ఎండుగాలిలో పట్టీపట్టకముందే ఆరిపోతుంది. చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలుంటే అదే సాక్ష్యం. గనిలో బరువు పని చేసేవాడికి గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. ఒక్క సీసా మజ్జిగ ఏ మూలకు? పావులీటరు చొప్పున ప్రతి 20 నిమిషాలకూ తాగాలి, దాహం కోసం ఆగకూడదు. అలాగని గంటకు ఒకటిన్నర లీటరు దాటి ఒట్టి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. లేకపోతే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే వాంతులు.

సెలవు మీద వారం, పది రోజులు ఊరొచ్చి తిరిగి పనిలోకి దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు ఆ వారంలో అలవాటు తప్పుతుంది. మొదటిరోజు సగం పని, రెండోరోజు 60 శాతం, మూడోరోజు 80, నాలుగో రోజు పూర్తి పని. కొత్తగా చేరినవాడైతే మొదటిరోజు ఐదోవంతే, ఆ తర్వాత రోజుకు ఇంకో ఐదోవంతు పెంచుకుంటూ పోవాలి. మేస్త్రీలు ఒప్పుకోరని తెలుసు. అయినా అడగాల్సిన మాటే.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చోకండి. టార్పాలిన్‌లో పడుకోబెట్టి నాలుగు మూలలూ ఎత్తిపట్టి, దొరికిన చల్లటి నీళ్లన్నీ పోయండి. బండి వచ్చేలోపు చల్లబరచడం మొదలవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు, ఇది జ్వరం కాదు.

ప్ర: 44 డిగ్రీలున్నా వడగాలులని ఎందుకు ప్రకటించరు? (చంద్రపూర్)

జ: మైదానంలో 40 దాటడంతో పాటు ఆ ఊరి మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదా ఏకంగా 45 తాకాలి. మీ మే నెల మామూలే అంత ఎక్కువ మరి. తీరంలో 37 సరిపోతుంది, కాకపోతే అక్కడా ఆ 4.5 తేడా ఉండాలి.

ప్ర: మా అబ్బాయి అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాడు. జులైలో దుమ్ముగోడ వస్తుందని ఫోన్లో సైరన్ మోగుతుందట. కారు ఆపి లైట్లన్నీ ఆర్పేయమంటారట! చీకట్లో లైట్లు ఆర్పడమేమిటి? (సిరొంచ)

జ: అమ్మా, వాళ్లు చెప్పింది నిజమే. బల్లార్షా పాఠకుడికి చెప్పిన గాలే అక్కడ సొనోరా ఎడారి మీద దిగుతుంది. అడ్డుకునే గడ్డి, చెట్టు తక్కువ, నేలంతా పొడి మట్టి. ఆ మట్టిని ఎత్తుకుని గోడలా నడిచొస్తుంది, దాన్ని హబూబ్ అంటారు. 2011 జులై 5న ఫీనిక్స్ మీదికొచ్చిన గోడ ఎత్తు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. అక్కడా వానాకాలం ఉంది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా లెక్కగడతారు. 2023లో ఆ వానలు ముఖం చాటేశాయి. జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి అత్యధిక ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు తగ్గలేదు.

లైట్ల విషయం. దుమ్ములో వెనకవాడికి రోడ్డు కనపడదు, ముందు బండి ఎర్ర లైటు ఒక్కటే కనపడుతుంది. ఆ బండి రోడ్డు మీదే పోతోందనుకుని దాని వెంటే వస్తాడు. మీవాడు రోడ్డు దిగి ఆగి ఉంటే నేరుగా వచ్చి గుద్దుతాడు. అందుకని వరస ఇది: తారు దిగి వీలైనంత దూరం పోవాలి, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు అన్నీ ఆర్పాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి బ్రేకు మీదినుంచి కాలు తీసేయాలి. కాలు అలాగే ఉంటే వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. బెల్టు తీయొద్దు. దిగే చోటు లేకపోతే మాత్రం లైట్లు వేసుకునే నెమ్మదిగా గీత పట్టుకుని పోవాలి. నడిరోడ్డు మీద ఆగడం అన్నిటికంటే చేటు.

ప్ర: ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం తాతలనాటి నుంచీ ఉంది. ఇప్పుడు అడవి అంటుకుంటే మమ్మల్నే అంటున్నారు. మెరుపుకీ అంటుకుంటుంది కదా? (సిరొంచ తాలూకా)

జ: మెరుపుకు అంటుకోదని కాదు. అమెరికా పడమటి రాష్ట్రాల్లో వాన లేని ఉరుములకు పెద్ద పెద్ద అడవులే కాలతాయి. మన దగ్గర మాత్రం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వచ్చే మంటల్లో చాలా మటుకు మనిషి చేతివే. ఇప్పపువ్వు కోసం, తునికాకు చిగురు కోసం, పోడు కోసం, ఆర్పకుండా పడేసిన బీడీ వల్ల. పైగా 1927 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం.

కాల్చాల్సిన అవసరమే లేదు. ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామున. సాయంత్రమే చెట్టు కింద పాత చీరలు కుట్టి పరిచినా, నాలుగు గుంజలకు మోకాలెత్తున వల కట్టినా పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. కాల్చిన నేల మీది పువ్వుకు మసి అంటుతుంది, ధరా తగ్గుతుంది. కిందపడ్డ గింజ, మొలక కూడా ఆ మంటలోనే పోతాయి, రేపటి ఇప్పచెట్లవి.

ఆకు ఎంత ప్రమాదంగా ఉందో చేత్తోనే తెలుస్తుంది. ఒక ఎండు టేకాకు తీసి గుప్పిట్లో నలపండి. పొద్దున ఆరింటికి మెత్తగా ముడుచుకుంటుంది. ఒంటిగంటకు అదే ఆకు పెళపెళమని పొడైపోతుంది. ఎండుటాకు తేమ గంటలోపే గాలిని బట్టి మారిపోతుంది, నిన్నటి వాన దానికి గుర్తుండదు. 30 దాటిన ఎండ, 30 శాతం లోపు తేమ, 30 కిలోమీటర్లు దాటిన గాలి, మూడూ కలిసిననాడు అడవిలో అగ్గిపెట్టె బయటికి తీయకూడదు. గట్టు ఎక్కే మంట ఇంకా ప్రమాదం: ప్రతి పది డిగ్రీల వాలుకూ వేగం రెట్టింపవుతుంది.

ఇక మంట ఆర్పేవాళ్లు మరిచిపోయేది మబ్బును. పొద్దుటినుంచీ పడమటి గాలికి మంట సన్నగా తూర్పుకు పాకిందనుకోండి. ముందు కొన బెత్తెడు, పక్క అంచు కిలోమీటరు పొడవున నింపాదిగా కాలుతూ ఉంటుంది. సాయంత్రం ఉత్తరాన మబ్బు ఉరిమి చల్లగాలి దిగిందా, ఆ కిలోమీటరు అంచంతా ఒక్కసారిగా మంట ముఖమై దక్షిణానికి లేస్తుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో యార్నెల్ కొండ మీద జరిగిందిదే. 2013 జూన్ 28న పిడుగుకు అంటుకుంది, 30న గాలివాన గాలి దిశ మార్చింది, 19 మంది అగ్నిమాపక సిబ్బంది ఒకేచోట చనిపోయారు. వాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లు.

కాబట్టి పచ్చి కొమ్మలతో కొట్టేటప్పుడు ఎప్పుడూ కాలిపోయిన నల్లనేల వైపునుంచే కొట్టండి, తప్పించుకునే చోటూ అదే. ఆకు ఊడ్చి గీత తీస్తే మట్టి తేలేదాకా తీయాలి. వేరు మిగిలితే దాన్ని పట్టుకుని నిప్పు అవతలికి పోతుంది. ఉరుము వినపడగానే పైవాలులో ఉన్నవాళ్లను దింపేయండి. దుంగ ఆరిందో లేదో వెనకచేతిని దగ్గరగా పెట్టి చూడండి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ఆధారంగా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది, కానీ ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 375 మీటర్ల గడి. చెట్ల కింద రగిలే చిన్న మంట దానికి కనపడకపోవచ్చు.

ప్ర: ఒడిశాలో పిడుగుల కోసం తాటిచెట్లు నాటుతున్నారు. మా జీడితోట గట్టున తాళ్లు చాలా ఉన్నాయి. ఉరిమితే వాటి కింద ఉండొచ్చా? ఫోన్ ఆఫ్ చేయాలా? (కాశీనగర్, గజపతి జిల్లా)

జ: వద్దు, వద్దు! తాటిచెట్టు పిడుగును తన మీదికి తీసుకుంటుందనే నాటుతున్నారు. దాని కింద నిలబడితే ఆ పిడుగులో మీకూ వాటా వస్తుంది. చెట్టును కొట్టిన కరెంటు నేల వెంట పాకుతుంది, ఎడంగా ఉన్న రెండు కాళ్ల గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ కాబట్టే చెట్టు కింద పశువులు మందలుగా పోతాయి.

మెరుపు చూసి ఉరుము దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినపడితే స్లాబు ఇంట్లోకో, అద్దాలెత్తిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. జీడిపిక్కలు ఏరేవాళ్లు వాన ఆగగానే దిగడమే కొంప ముంచుతోంది. సెల్‌ఫోన్ పిడుగును పిలవదు, ఛార్జర్‌కు గుచ్చి మాట్లాడొద్దు, అంతే. దామిని యాప్ పెట్టుకుంటే 20, 40 కిలోమీటర్ల వలయాల్లో ఎక్కడ మెరుస్తోందో కనిపిస్తుంది. అలాంటి ఇల్లూ, కారూ దొరకకపోతే పాదాలు రెండూ కలిపి గొంతుకూర్చోండి, పడుకోవద్దు.

పిడుగు తగిలినవాళ్ల ఒంట్లో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు. పేడలో పూడ్చడం లాంటివాటితో నిమిషాలు పోగొట్టకండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో ఐదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నోటితో ఊదడం తెలిస్తే 30 నొక్కుళ్లకు రెండుసార్లు. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయండి.